ఆలస్యంగా నమ్మినవాళ్లారా, లేవండి

నల్లగొండ హాస్టలు గదిలో గ్రూప్స్ పుస్తకాల పక్కన కొత్త నిబంధన పెట్టుకుని చదువుతున్న తమ్ముడా, కల్వకుర్తి బట్టల దుకాణంలో లెక్కలు రాసే పని మధ్య కళ్లు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంటున్న చెల్లీ, దుబాయ్ లేబర్ క్యాంపులో ఎవరో పిలిస్తే శుక్రవారం కూటానికి పోయి అక్కడే మనసు మారి నారాయణపేటకు తిరిగొచ్చిన అన్నా, ఈ మాటలు మీకోసం రాస్తున్నాను.

చిన్నప్పుడు మీరు సండే స్కూలుకు పోలేదు. క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం కట్టలేదు. సంఘమంతా కంఠతా పాడే కీర్తనకు మీరు పుస్తకంలో పేజీ వెతుక్కుంటారు. ఇరవై అయిదేళ్లకో ముప్పై రెండేళ్లకో క్రీస్తును నమ్మి, చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నారు. ‘కొత్తగా వస్తున్నారా?’ అని ఎవరైనా అడిగితే తప్పు చేసినట్టు తల దించుకుంటారు. ఇప్పుడు దాని మీద ఇంకొకటి వచ్చి పడింది: సేవకు పోవాలని లోపల ఒకటే పోరు. ఇంత ఆలస్యంగా వచ్చినవాడికి అంత పెద్ద పిలుపా అని మీకు మీరే సర్దిచెప్పుకుని అణచుకుంటున్నారు.

అణచుకోకండి. మన పాలమూరు, నల్లగొండ నేల మీద వెలసిన చర్చి మీలాంటివాళ్ల కోసమే వెలసింది. దాని కథ చాలామంది పుట్టు క్రైస్తవులకే తెలియదు. మీరు తెలుసుకోండి.

ఈ ప్రాంతంలో ఊరూరా ‘ఎం.బి. చర్చి’ అని బోర్డు కనిపిస్తుంది. మెనోనైట్ బ్రదరన్ సంఘం అది. దాని మొదలు 1525లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరంలో ఉంది. పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మంతో ఎవరూ విశ్వాసులు కారని, బుద్ధి తెలిసిన మనిషి తనంతట తాను నిర్ణయించుకుని నీళ్లలో దిగాలని ఆ జనవరిలో కొందరు యువకులు తెగించి చెప్పారు, చెప్పినట్టే చేశారు. రాజ్యానికీ చర్చికీ రెండింటికీ కోపం వచ్చింది. వాళ్లలో ఒకడైన ఫీలిక్స్ మాంజ్‌ను 1527 జనవరిలో లిమ్మత్ నదిలో ముంచి చంపారు. పెద్దయ్యాక నమ్మే హక్కు కోసం ప్రాణం పోగొట్టుకున్నాడతను. ఆ తర్వాత ఆ చెదిరిన జనాన్ని ఒక్కచోటికి చేర్చిన మెన్నో సైమన్స్ అప్పటిదాకా ఒక పల్లెలో కథోలిక గురువు. 1536లో ఆ కొలువు వదిలేసి వచ్చేనాటికి అతనికి నలభై ఏళ్లు. ఆ సంఘానికి ‘మెనోనైట్’ అన్న పేరు వచ్చింది ఆ నలభై ఏళ్ల మనిషి వల్లే.

హింసకు తట్టుకోలేక వాళ్ల సంతతి దేశాలు పట్టి తిరిగింది. కత్తి పట్టం, సైన్యంలో చేరం అన్నందుకు ఒక్కో రాజ్యమూ వెళ్లగొట్టింది. చివరికి ఇప్పటి ఉక్రెయిన్ మైదానాల్లో పొలాలు దున్నుకుంటూ స్థిరపడ్డారు. అక్కడా కాలక్రమంలో నమ్మకం వారసత్వంగా మారిపోయింది. తాత మెనోనైట్ కాబట్టి మనవడూ మెనోనైట్. 1860లో కొందరు దానికి ఎదురుతిరిగి, మారుమనస్సు ఎవరికి వారే పొందాలని పట్టుబట్టి వేరుపడ్డారు. వాళ్లే మెనోనైట్ బ్రదరన్. ఆ గుంపులోంచి అబ్రహాం ఫ్రీజన్, మరియా దంపతులు 1889లో ఇండియాకు వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో కాలు పెట్టారు. వెనక ఇంకొందరు వచ్చి సూర్యాపేట, భువనగిరి, జనగామ అందుకున్నారు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు హైదరాబాదుకు చేరారు. తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల, జడ్చర్ల, ఒక్కొక్కటిగా మిషన్ కాంపౌండ్లు లేచాయి.

నిజాం రాజ్యం అది. కచేరీలో ఉర్దూ, ఊళ్లో తెలుగు, తండాలో లంబాడీ. వచ్చినవాళ్లకు అందులో ఒక్కటీ రాదు. అయినా వచ్చారు, నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆలోచించండి. మీ పక్కన కూర్చున్న మూడో తరం క్రైస్తవుడు కూడా ఈ సంఘం నమ్మకం ప్రకారం పుట్టుకతో విశ్వాసి కాడు. వాళ్ల తాత మిషనరీ దొరగారి దగ్గర వంట చేసినా, నాన్న పాస్టరైనా సరే, అతనూ ఒకనాడు తనంతట తాను నిర్ణయించుకుని నీళ్లలో దిగవలసిందే. మీరు నిలబడ్డ వరసలోనే అతనూ నిలబడ్డాడు. వెనక బెంచీ ఎక్కడిది మరి?

పెద్దయ్యాక నమ్మి సేవ చేసినవాళ్ల పేర్లు కావాలంటే మన తెలుగు నేల మీదే ఉన్నాయి. ఒంగోలు ప్రాంతపు యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులంలో పుట్టిన తోళ్ల వ్యాపారి. పెళ్లాం బిడ్డలున్న మనిషి. దేవుణ్ని వెతుక్కుంటూ రాజయోగం చెప్పే గురువుల దగ్గర కూర్చున్నవాడు. తోళ్ల బేరానికి ఏలూరు వైపు పోయి అక్కడ క్రీస్తు మాట విన్నాడు. విని ఊరుకోలేదు. తన వ్యాపారపు దారులనే సువార్త దారులుగా చేసుకుని, తనవాళ్లున్న పల్లెలన్నీ కాలినడకన తిరిగాడు. మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరేసరికి తాళ్లకొండపాడులో పేరయ్య సిద్ధం చేసిన జనం కాచుకుని ఉన్నారు. 1867 జనవరిలో అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పదకొండేళ్ల తర్వాత, కరువు దాటాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. చరిత్ర పుస్తకాలు క్లౌ పేరు పెద్దక్షరాల్లో రాశాయి. పేరయ్య నడిచిన దారులు లేకుంటే గుండ్లకమ్మ ఒడ్డుకు ఆ జనం వచ్చేవారు కారని నేను నమ్ముతాను.

హైదరాబాదులో హెబ్రోను మందిరం కట్టిన భక్తసింగ్‌దీ ఇదే వరస. పంజాబీ సిక్కు కుటుంబం. ఇంజినీరింగ్ చదువుకు ఇంగ్లండు పోయి, అక్కడి నుంచి కెనడా చేరి, 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుడిచ్చిన కొత్త నిబంధన చదివి మనసు మార్చుకున్నాడు. అప్పటికి వయసు ఇరవై ఆరు. అంతకు ముందు చేతికొచ్చిన బైబిలును చింపి, అందమైన అట్ట మాత్రం దాచుకున్న మనిషి అతను. 1933లో తిరిగొస్తే తల్లిదండ్రులు బొంబాయిలో ఎదురొచ్చి, కుటుంబం పరువు కోసం ఈ సంగతి బయటపెట్టొద్దని బతిమాలారు. దాచలేనన్నాడు. ఇల్లు దూరమైంది. ఆ తర్వాత ఎవరినీ జీతం అడగలేదు, చందా అడగలేదు. 2000లో కన్నుమూసేదాకా అదే పద్ధతి. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి హెబ్రోను కూటాలకు పోయి వచ్చిన పెద్దవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడిగి చూడండి.

వయసు అడ్డం కాదు, పుట్టుక అడ్డం కాదు. అయితే అడ్డమేమిటి? తొందర.

ఇది నా గుండెల్లో బాధ కాబట్టి గట్టిగానే చెబుతాను. బాప్తిస్మం తీసుకున్న ఆరు నెలలకే పేరు ముందు ‘దైవజనులు’ అని ఫ్లెక్సీ. ఏడాదికి సొంత మినిస్ట్రీ, యూట్యూబు చానలు, సౌండు బాక్సులు. ఇదా పిలుపు? మైకు దొరకడమే పిలుపని మీకెవరు చెప్పారు? దమస్కు దారిలో వెలుగు చూసిన పౌలు అంతటివాడు అరేబియాకు పోయి కొంతకాలం మాటుగా గడిపాడు. మూడేళ్లకు గాని యెరూషలేము ముఖం చూడలేదు. నువ్వు మూడు నెలలు ఆగలేవా తమ్ముడా?

కాథరీనా షెల్లెన్‌బర్గ్‌ను చూడండి. రష్యా మెనోనైట్ కుటుంబంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా కాన్సస్‌కు వలస పోయిన అమ్మాయి. సేవకు పోవాలనుకుంది. ఊరికే ఓడ ఎక్కలేదు. వైద్యం చదివింది. డాక్టరు పట్టా చేతికొచ్చేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. ఇంకొకరైతే వయసు మించిపోయిందనుకునేవారు. ఆమె 1907లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి, పరదాలోంచి మగ డాక్టరు ముందుకు రాని ఆడవాళ్లకు, కాన్పు కష్టమై బండి మీద మోసుకొచ్చిన కూలి తల్లులకు వైద్యం చేసింది. 1945లో శంషాబాద్‌లోనే చనిపోయింది. ముప్పై ఏడేళ్ల పైచిలుకు ఒకే నేల. మీరు నర్సింగ్ చదువుతున్నారా? పూర్తి చేయండి. బీఈడీ మధ్యలో ఉందా? వదిలేయకండి. దేవుడు పిలిచాడని డిగ్రీ మానేసిన పిల్లవాడి కన్నా, దేవుడు పిలిచాడని డిగ్రీ బాగా చదివిన పిల్లవాడి అవసరం ఈ జిల్లాలకు ఎక్కువ.

ఇంకొక సంగతి చెప్పాలి. నాకు దీని విలువ చాలా ఎక్కువ. పాల్ హీబర్ట్ అనే పండితుడున్నాడు. మిషనరీ తల్లిదండ్రులకు 1932లో శంషాబాద్‌లోనే పుట్టాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెను ఇంటింటా తిరిగి అధ్యయనం చేసి, ‘కొండూరు’ పేరుతో 1971లో పుస్తకం రాశాడు. ఎవరు ఎవరింట తింటారు, ఏ కులం ఏ పని చేస్తుంది, పంచాయితీ ఎట్లా తీరుస్తారు, ఏ జబ్బుకు ఏ దేవర దగ్గరికి పోతారు, అన్నీ ఓపికగా రాసుకున్నాడు. ప్రకటించే ముందు వినాలన్నది ఆయన పట్టుదల. శంషాబాద్ బైబిలు స్కూల్లో ఉన్నప్పటి అనుభవం ఒకటి ఆయనే తర్వాత రాశాడు. ముచ్చింతల నుంచి సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు. ఊళ్లో మసూచి. మైసమ్మకు దున్నపోతును బలివ్వాలని ఇంటింటా చందా వసూలు చేస్తుంటే క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఊరంతా కన్నెర్ర చేసింది. అంతలో క్రైస్తవుల పిల్లకే మసూచి సోకింది. వచ్చి ప్రార్థన చేయండి అని అడిగాడాయన. అంత చదువుకున్న హీబర్ట్‌కు ఆ క్షణాన ఏం చెప్పాలో తోచలేదు. చదివిన వేదాంతంలో మోక్షానికి జవాబుంది, చదివిన సైన్సులో క్రిమికి జవాబుంది, మధ్యలో నిలబడి వణుకుతున్న పల్లె మనిషికి జవాబు లేదు. ప్రార్థన చేశాడు. పిల్ల చనిపోయింది. తను మిషనరీగా ఎందుకూ పనికిరానని కుంగిపోయాడు. కొన్ని వారాలకు ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు, మొహం వెలుగుతూ. పిల్ల బతికితే ఊరు మన దేవుడి శక్తిని ఒప్పుకునేదే. కాని చావులో మనం నిలబడిన తీరు, మళ్లీ కలుస్తామన్న మన ఆశ చూసి ఊరు ఇంకా పెద్దదాన్ని చూసింది, అని దాని భావం.

మిషనరీకి పల్లె పెద్ద నేర్పిన పాఠం అది. కాబట్టి స్వస్థత గ్యారంటీ అని కరపత్రం వేయకండి. షుగరు బిళ్లలు మానేసి ప్రార్థన చేయమని ఏ ముసలమ్మకూ చెప్పకండి, ఆ పాపం మీకొద్దు. పక్కన కూర్చోండి. ఆస్పత్రికి బండెక్కించండి. బతికితే సంతోషించండి, పోతే పాడె పట్టండి.

ఎక్కడికి పోవాలి అంటారా? ఆఫ్రికా దాకా పోయినవాడి కథ ఒకటి వినండి. 1903లో నెల్లూరు వైపు తెలుగు బాప్టిస్టులు తమ చందాలతో తామే ఒక మిషనరీని పంపారు. జాన్ రంగయ్య అతని పేరు. దక్షిణాఫ్రికా నటాల్‌లో చెరకు, తేయాకు తోటలకు అగ్రిమెంటు కూలీలుగా పోయిన తెలుగువాళ్ల దగ్గరికి పోయాడు. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడ తెలుగు సంఘం నిలిపాడు. కూలీలు ఎక్కడికి పోతే కాపరి అక్కడికి పోయాడు.

పాలమూరు బిడ్డలారా, ఇది మీకు తగిలే మాట కాదా? దేశంలో ఆనకట్టలు, కాలువలు, మేడలు ఎక్కడ కట్టినా ‘పాలమూరు లేబర్’ అన్న పేరు వినబడింది. మక్తల్, నారాయణపేట, కొడంగల్ నుంచి ముంబయి, పుణే బస్సులెక్కిన కుటుంబాలెన్ని! సైటు పక్కన రేకుల షెడ్లలో బడికి పోని పిల్లలెంతమంది! గుంపు మేస్త్రీ లెక్కల్లో మోసపోయి, చదువు రాక మాట్లాడలేని ఆడకూలీలెంతమంది! వాళ్ల వెంట పోయే రంగయ్య ఎవరు? నెలకు రెండు ఆదివారాలు ఆ షెడ్లలో పిల్లలకు అక్షరాలు చెప్పి, కూలి లెక్క రాసిపెట్టి, ఎవరైనా అడిగితే క్రీస్తు గురించి చెప్పగల మనిషి కావాలి. దానికి ఆర్డినేషన్ అక్కర్లేదు.

దూరం పోలేకపోతే దగ్గరే ఉంది పని. దేవరకొండ చుట్టూ తండాలున్నాయి. లంబాడీ మాట్లాడే అవ్వ దగ్గర తెలుగులో ప్రసంగం చేసి వచ్చేస్తే ఏం లాభం? ఆ భాష నేర్చుకోండి. అమ్రాబాద్ దాటి నల్లమలలో చెంచులు ఉండే పెంటలున్నాయి. అక్కడికి ఫొటో కోసం దుప్పట్లు పంచడానికి పోకండి. ఆధార్ పనికి, రేషను పనికి, జ్వరం వచ్చినప్పుడు పీహెచ్‌సీకి తోడు పోవడానికి పొండి. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగి, కాళ్లు దొడ్డికాళ్లు పోయిన మనుషులున్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడును సున్నం, పటికతో తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టింది. కుళాయి నీళ్లు వచ్చాయి, మంచిదే. వంగిపోయిన ఎముకలు మాత్రం తిరిగి నిలబడవు. వాళ్లను మంచం మీది నుంచి లేపి కూర్చోబెట్టే చేతులు కావాలి.

పోయినచోట ఎట్లా ఉండాలో కూడా చెప్పాలి. రాజ్యాంగం 25వ అధికరణం నమ్మకాన్ని పాటించుకోవడానికీ ప్రచారం చేసుకోవడానికీ హక్కు ఇచ్చింది. ప్రచారం చేసుకునే హక్కులో ఎదుటివాణ్ని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. మనలో కొందరు దీన్ని అన్యాయమంటారు. నేనైతే ఇట్లా చూస్తాను: బలవంతపు నమ్మకం నమ్మకమే కాదని లిమ్మత్ నదిలో మునిగిన మనిషి వారసులం మనం. డబ్బు ఆశ చూపి, భయపెట్టి, జబ్బును వాడుకుని ఒక్కరిని చేర్చినా మన పునాదిని మనమే తవ్వుకున్నట్టు. పక్కింటి దేవుణ్ని తిట్టే నోటితో క్రీస్తు పేరు ఎత్తొద్దు. బతుకమ్మ పేర్చే మీ చెల్లెలిని, కురుమూర్తి జాతరకు పోయే మీ నాయనను ఎగతాళి చేసి మీరు గెలిచేదేమీ లేదు. మీ సాక్ష్యం మొదట చూసేది వాళ్లే.

మరొక కష్టమైన సంగతి. మీలో చాలామంది మాల, మాదిగ ఇళ్ల బిడ్డలు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు లేదు. ఎస్సీల్లోంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సీ, వాటా 1 శాతం. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్లో కులం వదిలిపోదు. గుడిసె అక్కడే, హోటల్లో గ్లాసు అదే, అవమానం అదే. అందుకే ఈ చట్టం అన్యాయమని నేను బాహాటంగా అంటాను, మారాలని అడుగుతాను. కాని సర్టిఫికెట్లో ఒక మనిషి, ఆదివారం ఇంకొక మనిషిగా బతకడం లోపల్లోపల తినేస్తుంది. మిమ్మల్ని తీర్పు తీర్చడానికి ఇది రాయడం లేదు. కడుపు బాధ ఎట్లాంటిదో నాకు తెలుసు. నీళ్లలో దిగకముందే దాని ఖర్చు లెక్క వేసుకోండి అంటున్నాను. నష్టం తెలిసి నమ్మినవాడి మాటకు ఊళ్లో విలువ వేరు.

తల్లిదండ్రులకు చెప్పండి. దొంగచాటుగా కాదు, వాట్సాప్‌లో కాదు, ఇంటికి పోయి ఎదురుగా కూర్చుని చెప్పండి. కోప్పడితే పడండి. అమ్మ ఏడిస్తే మీరూ ఏడవండి. ఆ తర్వాత కూడా పొలం పనికి, చెల్లెలి పెళ్లి ఖర్చుకు మునుపటికన్నా ముందు నిలబడండి.

సంఘ పెద్దలకూ ఒక మాట. దోర్నకల్‌కు 1909లో వచ్చిన వి.ఎస్. అజరయ్య తమిళుడు. పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు అయ్యాడు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి కూలీ, ప్రతి ఆడమనిషీ తన చేయి తన తల మీద పెట్టుకుని, ఇతరులకు చెప్పే బాధ్యత నాదే అని ఒప్పుకునేలా చేసేవాడు. నీళ్లలోంచి లేచిన రోజునుంచే వాళ్లు సాక్షులు. మన సంఘాల్లో కొత్తగా వచ్చినవాడికి కుర్చీలు సర్దే పని తప్ప ఇంకేం ఇస్తున్నాం? కమిటీ ఎన్నికలకూ కాంపౌండు గోడల తగాదాలకూ పెట్టే పొద్దులో సగం పెట్టి, పక్కన ఒక పెద్ద విశ్వాసిని కూర్చోబెట్టి బైబిలు నేర్పండి. తొందర పడేవాణ్ని ఆపండి, భయపడేవాణ్ని లేపండి.

ఇక మీకు. ఈ వారమే మూడు పనులు మొదలుపెట్టండి. మీ సంఘ కాపరి దగ్గరికి పోయి నాకు పిలుపు ఉందనిపిస్తోంది, పరీక్షించండి అని నోరు తెరిచి అడగండి. మీకు పది కిలోమీటర్ల లోపల ఎవరూ పట్టించుకోని ఒక తండాను, ఒక పెంటను, ఒక కూలీల షెడ్డును ఎంచుకోండి. అక్కడ ఏడాదిపాటు ఏమీ ప్రకటించకుండా, ఏదో ఒక పనికొచ్చే పని చేస్తూ పేర్లు నేర్చుకోండి. ఏడాది తర్వాత కూడా అక్కడికి పోవాలని కాళ్లు లాగితే, ఇక ఎవరినీ అడగక్కర్లేదు. పొండి, అక్కడే ఉండండి.